చెట్టుకు చెల్లెలు లేదు

మా పెంటలో గుడిసె కట్టడమంటే ఒక్కరోజు పని. పొద్దు పొడిచే వేళకు గుంజలు నాటితే, పొద్దు వాలే వేళకు పొయ్యి రాజుకోవాలి. మధ్యలో వాన వచ్చినా, ఎలుగుబంటి వచ్చినా, అడవి కాసే జంగలాత్ జవాను వచ్చినా పని ఆగకూడదు. పెంట అంటే కింది ఊళ్ళవాళ్ళు ముక్కు మూసుకుంటారు గానీ, అడవిలో మేముండే చోటును మేము అట్లాగే అంటాం. అమ్రాబాద్ దాటి, ఎక్కీ ఎక్కీ మోకాళ్ళు పట్టేసిన చోట, బోడగుట్ట నెత్తిన మా గుడిసెలు. జర్మనీ లడాయి నడుస్తున్న ఏండ్లవి. సంతలో కిరసనాయిలు దొరక్క కింది ఊళ్ళన్నీ చీకట్లో కూర్చున్నాయని చెప్పుకునేవారు. మాకు దీపం ఎప్పుడుంది గనక, పోయిందని ఏడవడానికి.

ఆ ఎండాకాలం మేము కట్టిన గుడిసె నా ఆడబిడ్డ కాశమ్మది. నా మొగుడు బయన్నకు ఆమె ఒక్కగానొక్క చెల్లెలు. కిందటి ఎండాకాలం ఆమె మొగుడు నాగయ్య తేనెబండ మీదనుంచి పడి చచ్చిపోయాడు. మాలో మొగుడు పోయిన ఆడది మూలన కూర్చోదు. మనసుకు నచ్చినవాడు వస్తే కొత్త గుడిసె వేసుకుంటుంది. వాగు అవతలి పెంటనుంచి మొగులయ్య వచ్చాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. పనిలో మాత్రం దున్నపోతే. కాశమ్మ సరేనంది.

అయితే ఒక్క పని మిగిలింది. కొత్త గుడిసెలో పొయ్యి ముట్టించే ముందు కొత్త మొగుడు తేనె తేవాలి. మొదటి ముక్క మా దేవత గారెల మైసమ్మకు, రెండో ముక్క పెండ్లానికి. అది తేకపోతే ఆ గుడిసె గుడిసె కాదు, ఆ మొగుడు మొగుడు కాడు. తేనె ఉండేది తేనెబండ కడుపులో. పైనుంచి తాడు కట్టుకుని దిగాలి. బండ నెత్తిన మొలతాడంత చెట్టు కూడా లేదు. ఒక మనిషి కూర్చుని, బండ పగులులో మడమలు తన్నిపెట్టి, ఆ తాడు పట్టుకోవాలి.

ఆ పట్టేవాడు ఎవడో ఒకడైతే కుదరదు. దిగేవాడి పెండ్లానికి తోడబుట్టినవాడే పట్టాలి. సొంత అన్నదమ్ములకు ఇవ్వరు, వాళ్ళ కడుపులో ఏముందో ఎవరికి తెలుసు. తండ్రికి ఇవ్వరు, ముసలి చేతుల్లో సత్తువ ఉండదు. పెండ్లాం అన్న మాత్రం ప్రాణం పోయినా విడవడు. విడిస్తే బొట్టు పోయేది తన చెల్లెలికే. పక్కన ఎంత గట్టి చెట్టున్నా మావాళ్ళు దానికి తాడు కట్టరు. చెట్టుకు చెల్లెలు లేదు కదా అంటారు.

కిందటేడు నాగయ్య తాడు పట్టింది నా మొగుడే. ఈ పొద్దు మొగులయ్య తాడు పట్టాల్సింది కూడా ఆయనే. కాశమ్మకు ఇంకో అన్న లేడు.

నాగయ్య పోయిననాడు తాడు తెగిందన్నారు. తెగిన తాడును అందరమూ చూశాం. తప్పు తాడు మీద పడింది, తాడుకు నోరు లేదు గనక ఊరుకుంది. బయన్నను ఎవరూ ఏమీ అడగలేదు. అడగకూడదు కూడా. తాడు పట్టినవాణ్ణి 'ఏమైంది' అని అడిగితే అనుమానించినట్టే. ఒకసారి అనుమానం పుట్టిందంటే, రేపు ఏ బావ ఏ బామ్మర్దిని నమ్మి బండ దిగుతాడు? అందుకని పెంటంతా నోరు కట్టుకుంది. ఒకే చాప మీద పడుకునే నేను కూడా కట్టుకున్నాను.

కానీ నా మొగుడు నాకు తెలియకుండా పోతాడా? ఆ ఏడాదంతా ఆయన తేనె ముట్టలేదు. తింటూ తింటూ చెయ్యి ఆపి బండ దిక్కు చెవి పెట్టేవాడు. 'ఏంది' అంటే, 'ఏం లేదు' అనేవాడు. దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. రోజూ పులి అడుగుల్లో అడుగేసి నీళ్ళకు పోయేవాళ్ళకు దయ్యాలకు భయపడే తీరిక ఎక్కడిది? నాకు భయం వేసింది మా ఆయన్ను చూసే.

గుడిసె కట్టే రోజు నేనూ కాశమ్మా నీళ్ళకు చెలిమె దగ్గరికి పోయాం. ఎండలకు చెలిమె అడుగంటింది. ఒక చిప్పెడు తోడి, ఊరేదాకా కూర్చుని, మళ్ళీ ఒక చిప్పెడు తోడాలి. కూర్చున్నంతసేపూ కాశమ్మ గలగలా మాట్లాడింది. గుడిసె వాకిలి ఎటు పెట్టాలి, పొయ్యి ఏ మూలన వెయ్యాలి, మొగులయ్య గురక పెడతాడా లేదా. గురక సంగతి నన్నడిగితే ఏం లాభం, నువ్వే చెప్పాలి గాని అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

ఆ నవ్వులోనే కాశమ్మ ఉన్నట్టుండి లేచి, దారి మధ్యనుంచి పక్కకు జరిగి నిలబడింది. ఎవరో వస్తుంటే దారి ఇచ్చినట్టు. దారిలో ఎవరూ లేరు. బండ దిక్కునుంచి గాలి వస్తోంది, ఆ గాలిలో తేనెటీగల రొద. నాగయ్య బతికున్నప్పుడు ఆడవాళ్ళున్న చోటికి వచ్చేముందు గొంతు సవరించుకునేవాడు. నాకేమీ వినిపించలేదు. అయినా నేనూ కొంగు సర్దుకున్నాను. కాశమ్మ మళ్ళీ వచ్చి కూర్చుని, ఆపిన చోటినుంచే మాట అందుకుంది. నేనూ ఏమీ చూడనట్టే చిప్ప ముంచాను.

మేము తిరిగి వచ్చేసరికి పెంటలో సంత జరుగుతున్నట్టు ఉంది. మగవాళ్ళు గుంజలు పాతేశారు. ఒకరు వెదురు చీలుస్తుంటే, ఒకరు దబ్బలు అల్లి తడికలు కడుతున్నారు. ఆడవాళ్ళం బోదగడ్డి మోపులు విప్పి, దులిపి, కట్టలు కట్టి పైకి అందించాం. ఎండబెట్టిన ఇప్పపువ్వు మీద కుక్కలు పడుకుంటే వాటిని అదిలించే పని ముసలి తిమ్మమ్మది. తిమ్మమ్మ నాగయ్యకు తల్లి. కండ్లు సరిగ్గా ఆనవు. కట్టె మాత్రం గురి తప్పదు. కుక్కలకు వేసిన దెబ్బలు సగం మా పిక్కలకే తగిలేవి.

తిమ్మమ్మ సంగతే ఆ పొద్దు అందరికీ బెంగగా ఉండింది. కొడుకు పోయాడు, కోడలు ఇంకొకడి గుడిసెకు పోతోంది. ముసలిదానికి గంజి పోసేదెవరు? మొగులయ్య ఎవరితోనూ ఏమీ అనకుండా గుడిసె లోపల, పొయ్యికి దగ్గరగా, ఇంకో చిన్న తడిక కట్టి మూల చేశాడు. తిమ్మమ్మను చెయ్యి పట్టి తీసుకుపోయి అక్కడ కూర్చోబెట్టాడు. ఆమె తడికను తడిమి చూసి, అల్లిక వదులుగా ఉందని తిట్టింది. అందరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. తిమ్మమ్మ తిట్టిందంటే ఒప్పుకున్నట్టే.

బయన్న మాత్రం ఈ సందడికి దూరంగా కూర్చుని తాడు పేనుతున్నాడు. ఎండలు ముదరకముందు మొదలుపెట్టాడు. మోదుగ నార తెచ్చి, నానబెట్టి, దంచి, పేనాడు. ఒక తాడు అయిందంటే దానికి ఇంకో పురి వేసేవాడు. చూస్తుండగానే అది ఏనుగును కట్టేసేంత లావైంది. ఎవరో ఎగతాళికి, ఈ తాడుతో బండనే పైకి లాగొచ్చు అన్నారు. ఆయన నవ్వలేదు. అన్నవాడి నవ్వు కూడా ఆరిపోయింది.

మిట్టమధ్యాహ్నం, పైకప్పు వాసాలు కడుతున్నప్పుడు అది జరిగింది. మొగులయ్య పైకెక్కి ముడులన్నీ లాగి చూస్తున్నాడు. నడినెత్తిన, అన్ని వాసాలూ కలిసే చోట, ఒక ముడి దగ్గర ఆగాడు. ఇది ఎవరు వేశారోగాని గట్టి చెయ్యి, తిరగేసి వేశారు అని మెచ్చుకున్నాడు. కింద పని ఆగిపోయింది. మా పెంటలో ముడి తిరగేసి వేసేవాడు ఒక్కడే ఉండేవాడు. నాగయ్యది ఎడమచెయ్యి వాటం. పాపం, ఆ సంగతి మొగులయ్యకు తెలియదు.

ఆ ముడి వేసింది తానేనని ఎవరూ ముందుకు రాలేదు. కాశమ్మ పైకి చూడలేదు. గడ్డి దులుపుతూనే ఉంది. బయన్న చేతిలో తాడు ఆగింది, ఆయన కండ్లు ఆ ముడి మీదే నిలిచాయి. నాకు ఒళ్ళు మండింది. చచ్చినవాడి మీద జాలి ఉండొచ్చు గానీ, బతికున్నవాళ్ళను ఇట్లా కాల్చుకు తినడం ఏం న్యాయం? ఎవడో తిక్కలోడు కట్టాడు, కోసి మళ్ళీ కట్టమని అరిచాను. మొగులయ్య కోసి, మామూలు ముడి వేశాడు. ఆ ముక్క కింద పడితే నేనే తీసి మా గుడిసె పొయ్యిలో వేశాను. తడి లేని నార, ఎండిన నార, ఎంతసేపటికీ అంటుకోలేదు.

తిండి దగ్గర మళ్ళీ కాస్త మాటలు కలిశాయి. జొన్న గటక, ఉడికిన అడవిగడ్డలు, చింతపులుసు. మొగులయ్య మూడు ఆకుల తిండి ఒక్కడే తిని, బరువెక్కువైతే బావకే కష్టమని నవ్వాడు. ఆ నవ్వేవాడు సాయంత్రానికి ఉంటాడో లేదో. నా మొగుడు తాడు పట్టగలడో లేదో ఆయనకే తెలియదు. ఈసారి గనక ఏమన్నా అయితే కాశమ్మ రెండోసారి మొగుణ్ణి పోగొట్టుకుంటుంది. నేను మొదటిసారి పోగొట్టుకుంటాను. ఎందుకంటే ఆ తరవాత బయన్న బతకడు.

ఎండ తగ్గాక తిమ్మమ్మ తప్ప అందరం తేనెబండకు నడిచాం. బండ నెత్తిన నిలబడితే కాళ్ళ కింద నుంచి రొద వినిపిస్తుంది, బండే మూలుగుతున్నట్టు. కిందటేడు పొగబెట్టి చెదరగొట్టిన చోటే ఈగలు మళ్ళీ పట్టుపెట్టాయి. వేరే చోటే లేనట్టు. మొగులయ్య నడుముకు తాడు బిగించుకున్నాడు, పచ్చాకు పొగ కట్ట ఒక చేతికి, బుట్ట ఒక భుజానికి. బయన్న బండ పగులులో మడమలు పెట్టి కూర్చున్నాడు. తాడు చేతుల్లోకి తీసుకున్నాడు. విడిచి, అరచేతులు తొడలకు తుడుచుకుని మళ్ళీ పట్టాడు, అందరికీ కనిపించేటట్టే. అయినా అందరూ చెట్లకేసి, మబ్బుకేసి చూస్తున్నారు.

ఆడవాళ్ళం వెనకాలే ఉండాలి, నోరెత్తకూడదు. అది పద్ధతి. కాశమ్మ ముందుకు నడిచింది. నేను చీర కొంగు పట్టుకున్నా విదిలించుకుంది. అన్న ఎదురుగా పోయి గొంతుక్కూర్చుంది.

"అన్నా, ఆ పొద్దు ఏమైంది?" అని అడిగింది.

పెద్దవాళ్ళు గొణిగారు. ఒకాయన కాశమ్మను వెనక్కి రమ్మన్నాడు. ఆమె కదల్లేదు.

"తాడు తెగింది గద," అన్నాడు బయన్న.

"తాడు సంగతి అందరికి తెల్సు. నీ చేతుల సంగతి చెప్పు."

బయన్న తలెత్తి చెల్లెలి ముఖం చూశాడు. తరవాత ఆయన నోట్లోంచి వచ్చిన గొంతు, ఏడాదిగా నేను వినని గొంతు.

"ఈగలు కండ్లల్ల బడ్డయి. ఓర్సుకోలేక ఒక్క చెయ్యి తీసిన. తాడు జారింది. మళ్ళ పట్టిన గని, ఆ గుంజుకు రాయి అంచు మీద కోసుకపోయింది. తాడు తప్పేం లేదు కాశీ. నేనే విడ్సిన."

"ఏడాది సంది ఎందుకు చెప్పలె?"

"ఎవ్వరడగలె," అన్నాడు. "ఒక్కరన్న అడుగుతరని రోజు సూసిన."

ఆ మాట నా గుండెలో దిగింది. ఏడాది పాటు పక్కన పడుకున్నదాన్ని నేనే కదా. కాశమ్మ రెండు పిడికిళ్ళతో అన్న రొమ్ము మీద కొట్టింది. ఒకసారి, రెండుసార్లు, ఎన్నిసార్లో. ఆయన తలొంచి కొట్టించుకున్నాడు. ఎవరూ అడ్డం పోలేదు. చివరికి ఆమె చేతులే అలిసిపోయాయి.

అప్పుడు అందరి కండ్లూ మొగులయ్య మీద పడ్డాయి. తాడు విప్పేసుకుని పోయినా అతన్ని తప్పుపట్టేవాళ్ళు లేరు. అతను నడుము దగ్గర ముడి ఒకసారి తడుముకున్నాడు.

"బావా, విడ్సితె ఏమైతదో నీ చేతులకు ఎర్క. ఎర్కలేని చేతులకంటె నయమే గద," అని, అంచు దగ్గరికి పోయాడు.

కాశమ్మ లేచింది. బయన్న వెనక చుట్టగా పడున్న తాడు కొస అందుకుని తన నడుముకు రెండు చుట్లు చుట్టి ముడేసుకుంది. "పట్టు," అంది అన్నతో. "ఈసారి విడ్సితె ఇద్దరం పోతం."

మొగులయ్య దిగాడు. తాడు బయన్న చేతుల్లోంచి కొంచెం కొంచెంగా కిందికి పోయింది. కాసేపటికి కిందనుంచి పొగ లేచింది, దాంతో పాటే ఈగలూ లేచాయి. గాలి ఎదురు తిరిగి వాటిని మా మీదికే తోలింది. మావాళ్ళు బోర్లా పడి తలలు కప్పుకున్నారు. నేను కొంగు సందులోంచి చూస్తున్నాను. బయన్న ముఖం కనిపించడం లేదు. ముఖమంతా ఈగలే. రెప్పల మీద, పెదవుల మీద, చెవుల్లో. ఆయన చేతులు కదల్లేదు. నోరు తెరిస్తే లోపలికి పోతాయని పండ్లు బిగబట్టి ముక్కుతో మూలుగుతున్నాడు. వెనక కాశమ్మ కూడా ఒక్కటి కూడా తోలుకోకుండా నిలబడింది.

తాడు రెండుసార్లు కదిలింది. పైకి లాగమని మొగులయ్య సైగ అది. బయన్న లాగడం మొదలుపెట్టాడు. కొంత వచ్చి తాడు ఆగిపోయింది. మళ్ళీ లాగాడు. రాలేదు. ఆయన మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి, బండ పగులులో మడమలు చిట్లి నెత్తురు కారింది. తేనె బుట్ట బరువని తరవాత మొగులయ్య అన్నాడు. అయి ఉండొచ్చు. కానీ ఎంత తేనె ఉంటే మాత్రం ఒక బుట్ట ఒక మనిషంత బరువుంటుందా?

"మల్లీ," అని నన్ను పిలిచాడు. ఈగలు నోట్లోకి పోతున్నా పిలిచాడు. "ఇద్దరున్నరు."

పోయి తాడు పట్టుకుందామని లేచి, రెండడుగులు వేసి ఆగిపోయాను. కాశమ్మ నడుము దగ్గర తాడు బిగుసుకుని ఆమెను ఒక అడుగు ముందుకు ఈడ్చింది. ఆ బరువు ఆమెకూ తెలిసింది. మడమలు తన్నిపెట్టి నిలదొక్కుకుంది.

"ఇద్దర్ని గుంజు అన్నా," అంది. "ఎవ్వర్ని కింద ఇడ్సి రాకు."

బయన్న లాగాడు. ఎట్లా లాగాడో నాకు ఇప్పటికీ తెలియదు. మూరకు మూర, చెయ్యి మీద చెయ్యి వేసి లాగాడు. ముందు బుట్ట అంచు కనిపించింది, తరవాత మొగులయ్య జుట్టు, తరవాత భుజాలు. మావాళ్ళు పరుగెత్తి అతన్ని చంకల కింద పట్టి పైకి ఈడ్చారు. అతను బండ మీద వెల్లకిలా పడి రొప్పాడు, నవ్వాడు, నడుము తాడు విప్పేశాడు. తేనె బండ మీద కారింది. ఎవరో ఏడుస్తూ మైసమ్మను తలుచుకున్నారు.

తాడు బయన్న ఒళ్ళోంచి జారి పక్కన పడింది. బయన్న మాత్రం లాగుతూనే ఉన్నాడు.

ఆయన కండ్లు వాచి మూసుకుపోయాయి. చేతుల్లో ఏమీ లేదు. అయినా ఒక చెయ్యి మీద ఇంకో చెయ్యి వేసి, పండ్లు బిగించి, మూరకు మూర లాగుతున్నాడు. మొగులయ్య వచ్చాడు బావా, అని ఒకరు చెప్పారు. ఆయన వినలేదు. దగ్గరికి పోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. నాకూ చాలలేదు. అంత బరువును ఆయన లాగుతుంటే, నడుమ పోయి చెయ్యి ఎట్లా వేస్తాం?

కాశమ్మ నడుము ముడి విప్పుకుని వచ్చి, అన్నకూ బండ అంచుకూ మధ్య కూర్చుంది. తొందరపెట్టలేదు. అంచు దిక్కు చూస్తూ, ఆయన లాగినంతసేపూ లాగనిచ్చింది. చూస్తున్నకొద్దీ ఆమె కండ్లు నిండాయి. ఏడాదిగా ఒక్క చుక్క రాల్చని కండ్లు. అప్పుడు చెయ్యి చాపి అన్న మణికట్లు రెండూ పట్టుకుంది.

"ఆయన గూడ ఎక్కిండన్నా," అంది. "ఇగ విడు."

బయన్న వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఆ తరవాత ఆయన ఏడ్చాడు. పెంటలో ఉన్న తిమ్మమ్మకు వినిపించేటట్టు ఏడ్చాడు, నేను ఆపలేదు.